తప్పు కాలిది కాదు

తెలుగులో చెప్పు కరుస్తుంది. కాలు కందిందనో, తోలు ఒరుసుకుందనో అనకుండా ‘చెప్పు కరిచింది’ అంటాం. కరిచింది చెప్పు, బాధపడింది కాలు. తప్పెవరిదో ఆ ఒక్క క్రియతోనే తేల్చేశాం. ఇంత స్పష్టంగా మాట్లాడే మనం రన్నింగ్ షూ కొనడానికి పెద్ద షోరూములోకి వెళ్లగానే తీర్పు మార్చేస్తాం. బూటు బిగుతుగా ఉంటే ‘నా కాలు కొంచెం వెడల్పులెండి’ అని మనమే సంజాయిషీ ఇస్తాం. చిటికెనవేలు నొక్కుకుపోతుంటే ‘వాడగా వాడగా సాగుతుందిలే’ అని సర్దిచెప్పుకుంటాం. ఆరు జతలు తీయించాం కదా, ఇప్పుడు వద్దంటే ఆ అబ్బాయి ఏమనుకుంటాడోనని బిల్లు కట్టేస్తాం. ఈ అధ్యాయం ఆ మొహమాటం గురించి, దాని వెనకున్న ఒక నమ్మకం గురించి. మన కాలి సంగతి మనకంటే నిపుణుడికో యంత్రానికో బాగా తెలుసన్నది ఆ నమ్మకం. కొలతల విషయంలో అందులో నిజం చాలా ఉంది. ఏ బూటు ఎంచుకోవాలన్న దగ్గర మాత్రం, ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు చాలావరకు కాలి మాటకే బలం ఇస్తున్నాయి.

బూటు పనేమిటో ముందు లెక్కేసి చూద్దాం. తీరికగా పరుగెత్తే మనిషి నిమిషానికి సుమారు 160 అడుగులు వేస్తాడు. 5 కిలోమీటర్లు 35 నిమిషాల్లో పూర్తిచేస్తే 5,600 అడుగులు, అంటే ఒక్కో పాదం 2,800 సార్లు నేలను తాకుతుంది. తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బలం దాని మీద పడుతుంది. పెళ్లికి వేసుకెళ్లిన చెప్పు కరిస్తే పందిట్లో ఓ మూల విప్పి పెట్టొచ్చు. చెన్నై మెరీనా లైట్‌హౌస్ దగ్గర బయల్దేరి నేపియర్ బ్రిడ్జి దాకా పరుగు పెట్టినవాళ్లకు ఆ వీలు లేదు, తిరిగి రావాలి కూడా. చెన్నై రన్నర్స్ అనే బృందం 2006లో మొదలైనప్పటి నుంచి ఈ ఊళ్లో తెల్లవారుజామున అయిదింటికి బూట్లు కట్టుకునేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. జనవరిలో జరిగే చెన్నై మారథాన్ కోసం ఏడాదంతా సాధన చేసేవాళ్లున్నారు. వాళ్లలో గోరు నల్లబడటం, వేళ్ల మధ్య బొబ్బలు, మడమ దగ్గర చర్మం లేచిపోవడం తెలియనివాళ్లు తక్కువ. వీటిని పరుగుకు కట్టే సుంకంలా భరిస్తారు. కానీ నల్లబడిన గోరు చాలాసార్లు బూటు పొడవు చాలలేదన్న కబురు మాత్రమే.

బూటు పెట్టె మీది నంబరుకు మనమిచ్చే గౌరవం దాని అర్హతకు మించినది. మన దేశంలో ఎక్కువగా నడిచేది బ్రిటిష్ వాళ్లు వదిలిపోయిన సైజుల లెక్క. అందులో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అర సైజు కలిపినా 4 మిల్లీమీటర్లకు ఒక మెట్టు. ఆ నంబరు చెప్పేది పొడవు ఒక్కటే. పాదం వెడల్పు, పైభాగం ఎత్తు, వేళ్లు విచ్చుకునే తీరు అందులో లేవు. పైగా ప్రతి కంపెనీకీ తన అచ్చు తనది. ఒకరి 8 ఇంకొకరి ఎనిమిదిన్నర కావచ్చు, ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా ఈ తేడా రావచ్చు. పాదాల కొలతలనూ వాడుతున్న బూట్ల కొలతలనూ పోల్చిన అధ్యయనాలన్నిటినీ ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో ఒకచోట చేర్చి చూశారు. నూటికి 63 నుంచి 72 మంది తమ పాదం పొడవుకో వెడల్పుకో సరిపోని పాదరక్షలు వాడుతున్నారని తేలింది. అంతమంది పాదాలు తప్పుగా పుట్టాయని ఎవరూ అనలేరు.

ఈ విషయంలో చెన్నైవాసులు దూరం వెళ్లనక్కర్లేదు. అడయారులో 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది, అందరూ సి.ఎల్.ఆర్.ఐ. అంటారు. ఆ సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలోని 79 చోట్ల లక్షమందికి పైగా జనం పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాలకంటే వెడల్పని తేలింది. వెడల్పు చాలక జనం అవసరానికి మించి పొడవైన బూట్లు కొంటున్నారనీ, అవి జారుతుంటే లేసులు మరీ బిగించి కడుతున్నారనీ కూడా తేలింది. ఈ కొలతల ఆధారంగా భారతీయ పాదాలకు కొత్త సైజుల పద్ధతి ఒకటి ప్రతిపాదించి, భారత్ పేరులోని మొదటి అక్షరంతో దానికి ‘భ’ అని పేరు పెట్టారు. ఇక ‘నా కాలు వెడల్పులెండి’ అని షోరూములో సంజాయిషీ చెప్పేవారు గుర్తుంచుకోవలసిందేమిటంటే, వారి కాలు ఈ దేశంలో మామూలు కాలు. చెన్నైకి గంటన్నర దూరంలో, మన తడ దగ్గరి మాంబట్టులో అడిడాస్ బూట్లు తయారవుతాయి. కుట్టే చేతులు తెలుగు ఆడపడుచులవి, బూటు కొలత మాత్రం జర్మనీ కంపెనీది. ఆ బూటు వెడల్పు మనకు సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. తొడిగి చూస్తేనే తెలుస్తుంది.

పాదం విచ్చుకోవడానికి మన బతుకు తీరు కూడా కొంత కారణం. ఇంట్లో ఉత్త కాళ్లు, వీధిలో హవాయి చెప్పులు, గుళ్లో మళ్లీ ఉత్త కాళ్లు. చిన్నప్పటి నుంచి మూసిన బూట్లలో పెరగని పాదానికి వేళ్ల మధ్య ఖాళీ ఎక్కువ, ముందుభాగం విశాలం. పరుగుకు ఇది మంచిదే, వేళ్లు విచ్చుకుంటేనే ఒంటికి నిలకడ. ఆ కాలిని సన్నమూతి బూటులోకి దూర్చినప్పుడే చిక్కు. ‘వాడగా సాగుతుంది’ అన్న మాట తోలు చెప్పుల కాలంలో అక్షరాలా నిజం. మాదిగవాడలో కాలి కింద కాగితం పెట్టి గీత గీసి, తోలు కోసి కుట్టిచ్చిన చెప్పు నాలుగు రోజుల్లో కాలికి లొంగేది. ఇప్పటి రన్నింగ్ షూ పైభాగం సన్నటి వల లాంటి సింథటిక్ గుడ్డ, అది తోలులా సాగి ఆ సాగుడులో నిలబడిపోదు. మొదటిరోజు చిటికెనవేలును నొక్కిన బూటు నూరో రోజు కూడా నొక్కుతుంది. కాకపోతే అప్పటికి అక్కడో ఆనెకాయ లేచి ఉంటుంది, నొప్పి తెలియకపోవడాన్ని మనం ‘అలవాటైంది’ అనుకుంటాం. పెళ్లయిన ఆడవాళ్లకు ఇంకో లెక్క ఉంది. రెండో వేలికి మెట్టెలుంటే ఆ పాదం వెడల్పు మెట్టెలతో కలిపి కొలవాలి. ఏ విదేశీ సైజుల పట్టికలోనూ మెట్టెలకు గడి లేదు. మెట్టెలు తీసి పరుగెత్తేవారు తీసి, ఉంచుకునేవారు ఉంచుకుని తొడిగి చూడాలి, అది నామోషీ పడాల్సిన విషయం కాదు.

ఇప్పుడు అసలు వాదనకు వద్దాం. రన్నింగ్‌కే ప్రత్యేకమైన షాపులోకి వెళ్తే చాలాచోట్ల ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తారు. వెనక నుంచి కెమెరాతో చీలమండలు వీడియో తీసి, ‘సార్, మీ కాలు లోపలికి వాలుతోంది, మీకు స్టెబిలిటీ షూ కావాలి’ అంటారు. అరికాలు చదునుగా ఉంటే ఒక రకం, వంపు ఎక్కువుంటే ఇంకో రకం. చెప్పేవాడు నమ్మకంతోనే చెబుతాడు, తెరమీద మన కాలు వంకరగా కనబడుతుంది కూడా. అయితే ఈ పద్ధతికి పెద్ద పరీక్ష పెట్టినవాళ్లు అమెరికా సైన్యంవాళ్లు. 2009, 2010లలో ప్రచురించిన అధ్యయనాల్లో ఆర్మీలో, వైమానిక దళంలో, మెరీన్లలో కొత్తగా చేరిన వేలమందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అరికాలి వంపును బట్టి తగిన బూట్లు ఇచ్చారు, రెండో గుంపులో అందరికీ ఒకే రకం. శిక్షణ ముగిశాక చూస్తే దెబ్బలు తగ్గడంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. డెన్మార్కులో 927 మంది కొత్త రన్నర్లకు వాలు ఎంతున్నా పట్టించుకోకుండా సాధారణ బూట్లే ఇచ్చి ఏడాది పాటు గమనించారు. లోపలికి వాలే పాదాలవారికి దెబ్బలు ఎక్కువేమీ తగల్లేదు. 2022లో కోక్రేన్ సంస్థ 12 పరీక్షలను, 11,000 మందికి పైగా మనుషుల వివరాలను కలిపి సమీక్షించింది. పాదం ఆకారాన్ని బట్టి బూటు రాసివ్వడం వల్ల బహుశా తేడా ఏమీ ఉండదని అదీ చెప్పింది.

యంత్రం చూపించింది కాబట్టి నిజమే అయ్యుంటుందనుకోవడం షాపుల్లో కొత్త కాదు. 1920ల నుంచి 1950ల దాకా అమెరికా, బ్రిటన్ బూట్ల దుకాణాల్లో ఎక్స్‌రే యంత్రాలుండేవి. పిల్లవాడు బూట్లతో అందులో కాళ్లు పెడితే ఎముకలు పచ్చగా మెరుస్తూ కనబడేవి, తల్లి సంతృప్తిపడి కొనేది. అసలు ప్రశ్న బొటనవేలు ముందు ఖాళీ ఉందా అని. దానికి వేలితో నొక్కి చూస్తే చాలు. రేడియేషన్ ప్రమాదం తెలిసొచ్చాక 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఆ యంత్రాలను నిషేధించింది. ట్రెడ్‌మిల్ వీడియో వల్ల అలాంటి ప్రమాదమేమీ లేదు. రెండింట్లోనూ ఉన్న పోలిక ఒక్కటే. తెరమీద కనబడేదాన్ని చూస్తూ, కాలికి ఎలా ఉందని అడగడం మరిచిపోతాం.

దీనికి బలమైన ఎదురువాదన ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2016లో లక్సెంబర్గు పరిశోధకులు 372 మంది రన్నర్ల మీద ఆరు నెలల పరీక్ష చేశారు. లోపలి వాలును అడ్డుకునే బూట్లు వేసుకున్నవారికి దెబ్బలు తగ్గాయి, ముఖ్యంగా పాదం బాగా లోపలికి వాలేవారికి. జాగ్రత్తగా చేసిన పని అది. కాబట్టి షాపువాళ్లు చెప్పేదంతా ఉత్తదని కొట్టిపారేయలేం. కానీ ఆ ఒక్క పరీక్షను సైన్యంవాళ్ల ఫలితాల పక్కన, 2011లో వాంకూవర్‌లో స్త్రీలపై జరిగిన పరీక్ష పక్కన పెట్టి చూడాలి. అక్కడ పాదం వాలే స్త్రీలకు అలాంటి బిగువైన బూట్లిస్తే నొప్పులు పెరిగాయి. సాక్ష్యం ఇలా రెండు పక్కలా లాగుతున్నప్పుడు వీడియో మాటను తీర్పుగా తీసుకోకూడదు, సలహాగా తీసుకోవచ్చు. ఆ బూటునూ తొడిగి చూడండి, మామూలుదాన్నీ తొడిగి చూడండి. ఏది హాయిగా ఉందో చెప్పాల్సింది మీరే. పరుగుల శాస్త్రంలో దశాబ్దాలు పనిచేసిన కాల్గరీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు బెన్నో నిగ్ 2015లో సరిగ్గా ఈ సూత్రాన్నే ప్రతిపాదించారు. మనిషి తనకు హాయిగా ఉన్న బూటును ఎంచుకుంటే, ఆ ఎంపికే దెబ్బల నుంచి ఒక జల్లెడలా కాపాడుతుందని. అంతకుముందు 2001లో అదే విశ్వవిద్యాలయం పరిశోధకులు 206 మంది సైనికులకు రకరకాల ఇన్‌సోళ్లు ఇచ్చి, హాయిగా ఉన్నది ఎంచుకోమన్నారు. మనుషులు వేర్వేరు వాటిని ఎంచుకున్నారు, అయినా ఎంచుకున్నవారికి దెబ్బలు తగ్గాయి. సిద్ధాంతం ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. కానీ పాదం వాలును బట్టి బూటు ఎంచాలన్న పోటీ సిద్ధాంతంకంటే దీని పునాది గట్టిది.

హాయి మోసం చేయదా అని అడగొచ్చు. చేస్తుంది. దూదిలా మెత్తగా ఉన్న బూటు ఏసీ షోరూములో పది అడుగులకు స్వర్గంలా ఉంటుంది, బీసెంట్ నగర్ బీచిలో ఎనిమిదో కిలోమీటరుకు చీలమండ అటూఇటూ ఊగుతుంది. అందుకే హాయి అంటే మెత్తదనం అనుకోకూడదు. కాలు బూటును మరిచిపోవడమే హాయి. ఎక్కడా నొక్కకూడదు, ఎక్కడా జారకూడదు, ఏ మూలా అది ఉన్నట్టు గుర్తుచేయకూడదు. దీన్ని పోల్చుకోవడం అభ్యాసం మీద వస్తుంది. కుడి కాలికి ఒక జత, ఎడమ కాలికి ఇంకో జత వేసుకుని ఒకేసారి నడిస్తే ఒక్కో బూటులో తెలియని తేడా వెంటనే బయటపడుతుంది.

ఇలా పోల్చి చూసే అవకాశం ఇస్తుంది కాబట్టే మంచి షాపుకు వెళ్లాలి. సాయంత్రం వెళ్లండి, పగలంతా తిరిగిన కాలు ఉదయంకంటే ఉబ్బి ఉంటుంది. చెన్నై ఉక్కలో పరుగెత్తే కాలు ఇంకా ఉబ్బుతుంది, ఆ కాలికే బూటు కొనాలి. పరుగుకు వాడే సాక్స్ తీసుకెళ్లండి, షాపువాళ్లిచ్చే పల్చటి మేజోడుతో కొలిస్తే లెక్క తప్పుతుంది. సైజెంతని అడిగితే నంబరు చెప్పకుండా, కొలవండి అనండి. బ్రానాక్ అనే లోహపు కొలత పలక ఉంటే దాని మీద కూర్చుని కాదు, రెండు కాళ్ల మీదా బరువేసి నిలబడాలి, బరువు పడితేనే పాదం విచ్చుకుంటుంది. రెండు పాదాలూ కొలిపించండి, సమానంగా ఉండటం అరుదు. బూటు పెద్ద పాదానికి కొనాలి. ఆ పలక మడమ నుంచి వేళ్ల మొదటి కణుపు దాకా దూరాన్ని కూడా చెబుతుంది. బూటు వంగే చోటు కాలు వంగే చోటుతో కలవాలి కాబట్టి అది మొత్తం పొడవంత ముఖ్యమైనదే, చాలామంది దాన్ని చూడనైనా చూడరు. తర్వాత బూటులోని ఇన్‌సోల్ బయటికి లాగి నేలమీద పెట్టి దానిపై నిలబడండి. చిటికెనవేలో బొటనవేలి కణుపో అంచు దాటి బయటికొస్తే ఆ బూటు అక్కడే పక్కన పెట్టండి. ఎంత నచ్చిన రంగైనా సరే. దాటకపోతే ఇన్‌సోల్ తిరిగి పెట్టి తొడగండి. అన్నిటికంటే పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత, సుమారు సెంటీమీటరుపైన ఖాళీ ఉండాలి. పొడవైనది బొటనవేలే కానక్కర్లేదు, చాలామందికి రెండో వేలు ముందుకుంటుంది. మడమ లేవకూడదు. కొద్దిగా లేస్తుంటే సైజు తగ్గించే ముందు చీలమండ దగ్గరి చివరి రెండు రంధ్రాల్లోంచి లేసును చిన్న ఉచ్చులా వేసి, అవతలి లేసు అందులోంచి దూర్చి బిగించి చూడండి. చాలాసార్లు అంతటితో మడమ కుదురుకుంటుంది, వేళ్ల దగ్గర వదులు వదులుగానే ఉంటుంది. ఆ తర్వాత నడవడం చాలదు, పరుగెత్తాలి. ట్రెడ్‌మిల్ ఉంటే దాని మీద, లేకపోతే షాపు ముందు పేవ్‌మెంటు మీద. మెట్లుంటే దిగి చూడండి, పాదం ముందుకు జారి వేళ్లు బూటు ముందు గోడకు కొట్టుకుంటాయో లేదో దిగేటప్పుడే తెలుస్తుంది.

ఇదంతా చేయాలంటే అరగంటకు పైగా షాపు అబ్బాయి కాలాన్ని తీసుకోవాలి, అక్కడే మొహమాటం అడ్డొస్తుంది. ‘అతను ఇంత కష్టపడ్డాడు, ఏదో ఒకటి తీసుకుందాం’ అనుకుంటాం. అతని కష్టానికి థ్యాంక్స్ చెప్పండి, తీరిగ్గా చెప్పండి. కరిచే బూటు కొనడం మాత్రం అతనికి చేసే మర్యాద అనిపించుకోదు. వారం తర్వాత మార్చుకోవడానికి వచ్చినప్పుడు ఇద్దరికీ ఇబ్బందే. ‘వెడల్పు చాలలేదు, ఇదే మోడల్‌లో వైడ్ ఉందా?’ అని అడిగితే అతనికీ దారి దొరుకుతుంది, కొన్ని కంపెనీలు ఒకే పొడవులో రెండు మూడు వెడల్పులు చేస్తాయి. మంచి షాపులో పనిచేసేవాళ్లలో చాలామంది తామే రన్నర్లు. కచ్చితంగా మాట్లాడే కొనుగోలుదారును వాళ్లు ఇష్టపడతారు.

ఖర్చు సంగతి మిగిలింది. ఆన్‌లైన్‌లో సగం ధరకు వస్తుంటే షాపులో ఎందుకు పెట్టాలి? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది, పైగా ఖరీదైన బూటు మంచి బూటన్న హామీ లేదు. స్కాట్లాండులోని డండీ పరిశోధకులు మూడు కంపెనీల చవక, మధ్యరకం, ఖరీదైన రన్నింగ్ బూట్లను పోల్చి చూస్తే, పాదం మీది ఒత్తిడిలోనూ హాయిలోనూ ధరను బట్టి తేడా కనబడలేదు. కాబట్టి షాపుకు వెళ్లమనడం ఎక్కువ డబ్బు పెట్టమనడం కాదు. అక్కడ కొలత తెలుసుకుని, మధ్యరకం ధరలో కాలికి కుదిరినది కొనండి. ఆ మోడల్ కుదిరిందని తెలిశాక రెండో జత డిస్కౌంటులో ఎక్కడ కొన్నా నష్టం లేదు. అయితే షాపు అబ్బాయితో అరగంట కొలిపించుకుని, బయటికొచ్చి ఫోనులో ఆర్డరు పెట్టడం బాగుండదు. మొదటి జత అక్కడే కొనండి. రెండు జతలు మార్చి మార్చి వాడేవారికి లాభం ఉండొచ్చు కూడా. 264 మంది రన్నర్లను 22 వారాలు గమనించిన లక్సెంబర్గు అధ్యయనంలో, ఒకటికి మించి జతలు వాడినవారికి దెబ్బల ముప్పు 39 శాతం తక్కువగా ఉంది. ఆ ఒక్క అధ్యయనంతో కారణం తేలిపోదు. కానీ చెన్నై చెమటకు, ఈశాన్య రుతుపవనాల వానకు తడిసిన బూటు మర్నాటికి ఆరదు. తడి బూటులో బొబ్బలు ఖాయం కాబట్టి రెండో జత ఈ ఊళ్లో విలాసమేమీ కాదు.

‘మేం మారథాన్లు పరుగెత్తేవాళ్లం కాదు, ఉదయం లజ్‌లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కులో నాలుగు చుట్లు నడుస్తాం, అంతే’ అనేవారికి ట్రెడ్‌మిల్ వీడియో అక్కర్లేదు, ఖరీదైన నురుగు అడుగులూ అక్కర్లేదు. కొలత మాత్రం వారికే ఎక్కువ అవసరం. అరవై దాటిన వారిలో నలభై ఏళ్ల కిందటి సైజు నంబరే పట్టుకుని కూర్చున్నవారు ఎందరో. పాదం వయసుతో మారుతుంది, కణుపుల బిగువు సడలి వెడల్పవుతుంది, కొందరికి పొడవు కూడా పెరుగుతుంది. గర్భవతులను గమనించిన అమెరికా అధ్యయనంలో చాలామంది స్త్రీల పాదాలు కాన్పు తర్వాత కొన్ని మిల్లీమీటర్లు పొడవయ్యాయి, అయిదు నెలలకు కూడా తిరిగి తగ్గలేదు. బిడ్డ పుట్టాక మళ్లీ పరుగు మొదలుపెట్టే తల్లి, పెళ్లికి ముందు కొన్న బూట్లు పెట్టెలో కొత్తగానే ఉన్నాయని వాటినే తీస్తుంది. తొడిగే ముందు ఇన్‌సోల్ బయటికి లాగి, దాని మీద ఒకసారి నిలబడి చూసుకోవాలి.